వాకిట్ల పోసిన మన్ను

మా వాడకు సిమెంటు రోడ్డు వడ్డనాడే మా ఇల్లు గుంతల వడ్డది. రోడ్డు ఎత్తు పెరిగింది, మా వాకిలి ఉన్నకాడనే ఉన్నది. కోరుట్లల మాది ఊరి చివర వాడ. వాన పడితె వాడలున్న నీళ్ళన్ని తొవ్వ అడుక్కుంట మా ఇంటికే వస్తయి. నేను మాటకు మాట అనేదాన్నే గని, నీళ్ళతోని ఎవలు కొట్లాడుతరు? బకీటు వట్టి తోడిపోసుడు, మళ్ళ తోడిపోసుడు. మా ఆయన దుబాయిల లేబర్ క్యాంపుల ఉంటడు. ఫోన్ చేస్తె చాలు, "వాకిట్ల మన్ను కొట్టియ్యరాదె రాజమణీ" అంటడు. ఆడ కూసొని చెప్పుడు అల్కగనే ఉంటది.

ఆ యేడు సకల జనుల సమ్మె నడుస్తున్నది. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్. బొగ్గు తవ్వుడు ఆగిందని కరెంటు ఎప్పుడు పోతదో ఎప్పుడొస్తదో తెల్వదు. మేం బీడీలు చేసేటోళ్ళం గూడ చాటలు వట్టుకపోయి నడిరోడ్డు మీద కూసున్నం. బీడీలు చుట్టుకుంట జై తెలంగాణ అన్నం. నాకు మస్తు సంబరమైంది. గని ఇంట్ల బాలింతను ఇడిచిపెట్టి వచ్చినదాన్ని, పొద్దంత కూసుండబుద్ధి కాలె, లేచి ఇంటికి వచ్చేసిన.

బాలింత అంటె నా బిడ్డ రాధిక. తొలి కానుపుకు సిరిసిల్ల నుంచి తోలుకొచ్చుకున్న. కొడుకు పుట్టిండు. ఇంకా పేరు పెట్టలె, చిన్నోడా అని పిలుసుకుంటున్నం. పాలు పడితె విడిచేటోడు కాదు, గంత ఆశపోతు. అల్లుడు జితేందర్ సాంచాల మీద బట్ట నేసుడు పని చేస్తడు. బస్సులు బంద్ అయిన కాడికెల్లి ఆయన రాకడ గూడ బంద్ అయ్యింది. ఇంట్ల మేం ముగ్గురమే.

బాలింతకు, పసిపోరనికి రోజు కాగుల నీళ్ళు కాగవెట్టి తానం పోస్తం గదా. ఆ నీళ్ళు పోయే జాగ లేక వాకిట్లనే నిలవడ్డయి. వాళ్ళు పండే అర్ర గోడకు నడుం దాక చెమ్మ ఎక్కింది. దోమలు ముసురుతున్నయి. పోరనికి రొంప వట్టి గురగుర అంటుంటె నా పానం ఆగలె. సమ్మె అయిపోయేదాక సూడు అని అందరన్నరు. సమ్మె ఎప్పుడు అయిపోతదో ఎవలకు ఎరుక? నేను యూసుఫ్‌ను పిలిచిన.

యూసుఫ్ మా పక్కింటాయన, మేస్త్రి. ఆయన, ఆయన భార్య రాబియా బీ మాకు చుట్టాల కంటె ఎక్కువ. వాళ్ళ ఇల్లు ఎత్తు మీద ఉంటది, చుక్క నీళ్ళు ఆగవు.

"అక్కా, రెండు ట్రాక్టర్ల మొరం పడాలె," అన్నడు యూసుఫ్ వాకిలంత తిరిగి సూసి. "అర్ర గోడ కాడ ఎత్తు వెడుత. అక్కడికెల్లి మోరి దిక్కు వాలు ఇస్త. చెంబెడు నీళ్ళు పోసి సూడు, అవే ఉరుకుతయి."

మొరం ఎప్పుడైన పెద్ద రోడ్డు అవతల గుట్ట కాడికెల్లే తెస్తరు. ఆ పొద్దు రోడ్డు మీద వంటావార్పు. పొయ్యిలు వెట్టి, గంజులెక్కిచ్చి, రోడ్డంత జనం. ట్రాక్టర్ నడిపే మొగిలి మా వాడకు ఇల్లరికం వచ్చినోడు, సొంతూరు బోయినపల్లి. "గుట్ట దిక్కు తొవ్వ లేదక్కా, ఎన్క తొవ్వకెల్లి వేరే మన్ను తెస్త," అన్నడు. సరే తియ్యి అన్న. వాకిట్ల పోసేటి మన్నుకు మంచి చెడ్డ అడుగుతమా?

పొద్దు వంగే ఏళ్ళకు రెండు ట్రిప్పులు పోసిండు. ఎర్రగ లేదు, గరుకు లేదు. నల్లగ, మెత్తగ, చెయ్యి వెడితె దిగవడుతున్నది. దగ్గరికి పోతె పులిసిన వాసన వచ్చింది. పాలు ఇరిగిపోతె గిన్నెల వస్తది సూడు, గా వాసన. మొగిలి ట్రాక్టర్ల ఇంతకుముందు ఏం మోసిండో ఏమో అనుకున్న.

తెల్లారి యూసుఫ్ మన్నంత నెరిపి, నీళ్ళు జల్లి, దిమ్మిస కొట్టుడు మొదలువెట్టిండు. ఇనుప దిమ్మిస, ఎత్తి వేస్తె నేల అదిరేటిది. ధన్... ధన్... నేను అర్రలకు పోయి సూద్దును గదా, చిన్నోడు నిద్రలనే ఉన్నడు. దిమ్మిస వడ్డప్పుడల్ల ముడుసుకుంటున్నడు. వీపు మీద ఎవలో వాన్ని కొడుతున్నట్టు.

"అమ్మా, చాలుమను," అన్నది రాధిక. "నాకు ఒక తీరుగ అయితున్నది."

"మెత్త మన్ను బిడ్డా. కొట్టకుంటె కుంగిపోతది," అన్న నేను. ఆ పొద్దంత కొట్టిచ్చిన.

వాకిలి చూడముచ్చటగ అయ్యింది. అర్ర గోడ కాడ ఎత్తు, మోరి కాడ పల్లం. తెల్లారి లేచి చూస్తె మన్ను మీద తెల్లగ ఉప్పు పేరింది. "చౌడు అక్కా, ఒక్క వానకు పోతది," అన్నడు యూసుఫ్. వాన గూడ ఆ పొద్దే వచ్చింది. నేను గడపల నిలవడి సూస్తున్న, నీళ్ళు మోరి దిక్కు ఎట్ల ఉరుకుతయో అని.

ఉరకలె. నీళ్ళు మోరి కాడ ఒక జాగల కూడినయి. కొద్దిసేపు ఆగినయి. తర్వాత సన్నటి పాయ కట్టి... మెల్లగ... అర్ర దిక్కు ఎక్కుడు మొదలువెట్టినయి. ఎక్కుడే. పల్లం నుంచి ఎత్తుకు. అర్ర గోడ కాడికి వచ్చి, రాధిక మంచం ఉన్న జాగకు సరిగ్గ, బయట ఆగినయి.

యూసుఫ్‌ను కేకేసిన. ఆయన చూసి నవ్విండు మొదాలు. యాడనో గుంత పడ్డదక్కా అని లెవల్ పైపు తెచ్చిండు. లెవల్ పైపు అంటె లోపల నీళ్ళు కనవడే సన్నపు పొడుగు పైపు. ఆ కొస ఒకలు, ఈ కొస ఒకలు పట్టుకుంటె లోపలి నీళ్ళు రెండు దిక్కుల ఒక్క ఎత్తుల నిలుస్తయి. దాన్ని సూసి గోడకు గీత గీస్తరు. కోరుట్లల కట్టిన ఇండ్లన్నిటికి గీ పైపే ఆధారం.

ఆయన మోరి కాడ పట్టుకున్నడు. నేను అర్ర గోడ కాడ పట్టుకున్న. ఆకాశం మబ్బువట్టి ఉన్నది. పైపుల నీళ్ళు ఊగినయి, ఊగినయి... ఆయన దిక్కు దిగినయి. నా దిక్కు ఎక్కినయి. ఇద్దరం కొసలు కదిలియ్యలె.

"పైపుల గాలి వట్టింది," అని మొత్తం గుమ్మరిచ్చి మళ్ళ నింపిండు. మళ్ళ పట్టుకున్నం. ఈ సారి ఇంకా జల్ది ఎక్కినయి. నా బొటనవేలు దాటినయి. పైపు కొసకెల్లి పొంగి నా చెయ్యి మీద కారినయి.

ఎచ్చగ ఉన్నయి ఆ నీళ్ళు. పానమున్న మనిషి ఒంటి తీరు ఎచ్చగ.

యూసుఫ్ నా మొకం సూసిండు. పైపు చుట్ట చుట్టుకొని, చెప్పులు చేతుల వట్టుకొని, మన్ను మీద అడుగు వెట్టకుంట గోడ పక్క నుంచి పోయిండు. ఇరవై ఏండ్ల సంది ఎరిగిన మనిషి, అట్ల మాట్లాడకుంట పోవుడు అదే మొదాలు.

ఆ పొద్దుటి నుంచే రాధికకు పాలు ఎనుకవట్టినయి. పొద్దంత రొమ్ములు బరువుంటయి. పొద్దుగూకే ఏళ్ళకు చిన్నోన్ని దగ్గరికి తీసుకుంటె చుక్క రాదు. పోరడు చప్పరించి చప్పరించి, ఏడ్చి, సొమ్మసిల్లినట్టు పండుకునేటోడు. మెంతులు వెట్టిన, ఎల్లిగడ్డ కారం వెట్టిన, బొప్పడికాయ వండిన. డబ్బా పాలు పడితె కక్కుకున్నడు. బుగ్గలు గుంజుకపోయినయి. కాళ్ళ మీద తోలు వదులైంది. ఎత్తుకుంటె చేతికి ఆనకపోయేది. నాకు ఏడుపొస్తున్నది గని బాలింత ముందట ఏడుస్తమా?

"తాగుతుండు గదనే అమ్మా," అన్నది రాధిక ఒకనాడు నీరసంగ. "నిన్న మాపటికి సీకట్ల ఎంతసేపు తాగిండు. నువ్వే సూస్తలేవు."

ఆ మాపు చిన్నోడు నా ఒడిల ఉన్నడు. నేను ఉలువల నీళ్ళు చెంచతోని పడుతున్న. రాధిక కలగన్నదని నాకు నేనే చెప్పుకున్న.

దవఖానకు తీస్కపోదామంటె ఆటోలు గూడ రోడ్డెక్కుత లేవు ఆ రెండొద్దులు. గప్పుడే మా బావ సారయ్య వచ్చిండు. మా ఆయనకు పెద్దన్న. కల్లు గీయనీకి తాళ్ళు ఎక్కి ఎక్కి మోకాళ్ళు పోయినయి, కట్టె వట్టుకొని నడుస్తడు. మనుమన్ని సూడనీకి వచ్చినోడు గేటు కాడనే ఆగిండు. వంగి ఇంత మన్ను తీసి, ఏళ్ళతోని నలిపి, నాలికకు అంటిచ్చుకున్నడు.

"గీ మన్ను యాడిది రాజమణీ?"

"మొగిలి తెచ్చిండు బావా. ఎన్క తొవ్వకెల్లి. ఏమైంది?"

"వానికి ఫోన్ కొట్టు."

కొట్టిన. మొగిలి సంబరంగనే చెప్పిండు. "వాగు ఒడ్డున తుమ్మచెట్లు లేవా అక్కా, గాడ మెత్తగుంటె గోకిన. ఎవలు అడ్డం రాలె."

బావ చేతులున్న మన్నును మళ్ళ నేల మీదనే మెల్లగ వెట్టిండు.

"పాలు మరువని పిల్లలు పోతె మనోళ్ళు గాడనే వెడుతరు," అన్నడు. "ఉప్పు వోసి వెడుతం. రాయి వెట్టం, గుర్తు వెట్టం. తల్లికి జాగ చెప్పం. చెప్తె పోయి తవ్వుకుంటదని."

మొగోళ్ళకు ఒక్కలకే ఎరుకైన జాగ అది. ఎరుకైన మొగోళ్ళందరు దుబాయిల, మస్కట్ల ఉండిరి. మొగిలి అల్లునిగ వచ్చినోడు, వానికి ఎవలు చెప్తరు? యూసుఫోళ్ళ ఖబరస్తాన్ వేరేనాయె. నేను ఆడిదాన్ని. వాడలున్న ఆడోళ్ళం ఆ తుమ్మల పక్కకెల్లి నెత్తిన కట్టెలు వెట్టుకొని ఎన్నిసార్లు నడిచినమో.

రాధిక కంటె ముందు నాకొక ఆడిపిల్ల పుట్టింది. పురుడు గూడ వెళ్ళకముందే పోయింది. గీ బావనే తువ్వాలల సుట్టుకొని తీస్కపోయిండు. యాడ వెట్టినవని అడుగుతె మా అత్త నా నోరు మూసింది. మళ్ళ అడగలె. పాలు ఎండేదాక రొమ్ములకు మల్లెపూలు కట్టుకొని పండుకున్న.

"నాది గూడ గాడనేనా బావా?"

తల ఊపిండు.

"ఏ చెట్టు కింద?"

"తెల్వది బిడ్డా. వాగు వచ్చినప్పుడల్ల ఒడ్డు మారుతది."

మన్ను తీసేయిస్త అన్న. మొగిలికి మళ్ళ ఫోన్ చేసి చెప్తె, "ట్రాక్టర్ ర్యాలీల ఉన్నదక్కా," అని పెట్టేసిండు. తర్వాత ఫోనే బంద్ చేసుకున్నడు. బావ తల అడ్డం ఊపిండు. "తీసిన గూడ పోతరా? బాలింత ఉన్న ఇంటి ముందట తెచ్చి పోసుకుంటివి. పాల వాసన దొరికినంక పసిపిల్లలు పోతరా? ముందుగాల నీ బిడ్డను, పోరన్ని ఈ ఇంట్లకెల్లి తియ్యి."

రాబియా బీకి చెప్తె, తన ఇంట్ల వాళ్ళకు పక్క వేయనీకి పోయింది. ఏం ఎందుకు అని అడగలె ఆ తల్లి. బావను వాళ్ళ అరుగు మీద కూసుండవెట్టి నేను వాపస్ వచ్చే వరకు వాన మొదలైంది. పొద్దు ఇంకా పూర్తిగ గూకలె. మబ్బుకు సీకటైంది. కరెంటు పోయింది.

వాకిట్ల నీళ్ళు కదులుతున్నయి. ఒక్క పాయ కాదు. సన్నగ, ఏలంత మందం... ఎన్నో. అన్ని అర్ర దిక్కే పోతున్నయి. నేను దాటుకుంట పోయిన. కాలికి తగిలినకాడల్ల ఎచ్చగ.

అర్రల ఏం కనవడలె. ఇరిగిన పాల వాసన గొంతుల కొట్టింది. తడుముకుంట ఉయ్యాల కాడికి పోయిన. చిన్నోడు ఉయ్యాలలనే ఉన్నడు. తీసిన. ఎదకు అదుముకున్న. వాని గుండె కొట్టుకునుడు తెలుస్తున్నది... సన్నగ.

"రాధికా, లే బిడ్డా. రాబియా చిన్నమ్మ ఇంటికి పోదం."

మంచం మీదికెల్లి గుసగుస అన్నది. "మెల్లగనే అమ్మా. ఆగు జర."

"ఆగేది లేదు. లే."

"ఇప్పుడే పట్టిండే. మస్తు ఆకలితోని ఉన్నడు. తాగనియ్యి."

నా చేతుల చిన్నోడు కదిలిండు.

నేను నిలవడ్డకాడనే నిలవడ్డ. వాన సప్పుడు. దాని కింద ఇంకో సప్పుడు. చప్... చప్... గుటక. మళ్ళ చప్... చప్...

"రాధికా," అన్న. "ఎవలు బిడ్డా?"

"ఎవలేందే? చిన్నోడు." నవ్వింది. నిద్రల నవ్వినట్టు. "తల ఎంత తడిగున్నదో సూడు. మన్ను అంటింది. తుడువనియ్యి."

గుంజుదామనుకున్న. చెయ్యి చాపిన. చెయ్యికి ఏం తాకుతదో అని... చాపిన చెయ్యి ఎనుకకు తీసుకున్న. నా కడుపుల పుట్టిన బిడ్డ ఆ మంచం మీద ఉన్నది. ఇంకో బిడ్డ గూడ ఉన్నదేమో. దేన్ని కొట్టాలె, దేన్ని కాపాడాలె? ఏడుపొచ్చింది. వాకిట్ల మన్ను కొట్టిచ్చిన చేతులతోని పసిపోరన్ని పట్టుకొని ఆ సీకట్ల నిలవడి ఏడ్చిన.

ఏం చేతగానోళ్ళు ఏం చేస్తరు? బతిలాడుతరు.

"పెద్దదానా," అన్న. ఏమని పిలువాలె? పేరు వెట్టకముందే పోయింది. "అవ్వా... తల్లీ... దాన్ని ఇడిచిపెట్టు. అది చిన్నది, నీకు చెల్లె. దానికి పోరడున్నడు, వాడు బతుకాలె. నీకు పాలే గావాలంటె నేను లేనా? నా కాడికి రా. నీకు బాకీ ఉన్నదాన్ని నేనే గద."

చప్పుడు ఆగింది.

వాన ఆగలె. వాన సప్పుడు ఇంటనే ఉన్న. మంచం పట్టె కిర్రుమన్నది. ఏదో దిగింది కిందికి. తడి బట్ట కింద పడ్డంత సప్పుడు. నా పాదం మీదికి ఎచ్చగ నీళ్ళు వచ్చినయి... ఆగినయి.

రాధిక దిగ్గున లేచి కూసున్నది. "అమ్మా, సలివెడుతున్నదే. రయికె తడిసిందేంది?" అన్నది. దాని రెక్క పట్టుకొని వాకిట్లకు గుంజుకొచ్చిన. రాబియా బీ లాంతరు వట్టుకొని గోడ కాడ నిలవడ్డది.

వాళ్ళ ఇంట్ల, పొయ్యి పక్కన, చిన్నోన్ని రాధిక ఒడిల వెట్టినం. పట్టిండు. పాలు మూతి పక్కకెల్లి కారేటంత తాగిండు. బావ మొకం తిప్పుకొని కండ్లు తుడుసుకున్నడు. సమ్మె అయిపోయేదాక తల్లిని, పిల్లగాన్ని ఆ ఇంట్లనే ఉంచిన. బస్సులు నడిచినంక జితేందర్ వచ్చి సిరిసిల్లకు తీస్కపోయిండు. అప్పటికి పోరనికి బుగ్గలొచ్చినయి.

తర్వాత తెలంగాణ వచ్చింది. చిన్నోడు బడికి పోతున్నడు, ఫోన్ల "అమ్మమ్మా, నువ్వెందుకు రావు" అని అడుగుతడు. ఏం చెప్పాలె? నేను యాడికి పోతె అవి గూడ ఆడికి వస్తయి. మా ఆయన సెలవు మీద వచ్చినా రాబియా బీ ఇంట్ల పండుకోమంట, నాతోని కొట్లాడి పోతడు. మన్ను తీయించలె. నీళ్ళు ఇప్పుడు మోరి దిక్కే పోతయి, వాకిలి అద్దం తీరుగున్నది. వాడల అందరు మెచ్చుకుంటరు.

నాకు ముట్లు నిలిచి ఏండ్లయింది. అయినా పొద్దుగూకే ఏళ్ళకు రయికె తడుస్తది. గడపకు ఆనుకొని, కొంగు కప్పుకొని కూసుంట. మొదాలు ఒక్కతే వచ్చేది. నాదే అనుకున్న, తల నిమిరిన గూడ. నాదో కాదో ఎవలకెరుక? తర్వాత ఇంకోటి వచ్చింది. తర్వాత ఇంకోటి. రెండు ట్రాక్టర్ల మన్నాయె, నేను లెక్కవెట్టుకోలె. కాదనలె ఎవల్ని. పాలు మరువకముందే పోయిన పానాలు, ఏం చేస్తయి పాపం అనుకొని భయపడుడు గూడ మానేసిన.

గని మొన్న వచ్చినదానికి నోటినిండ పండ్లున్నయి.